లెన్స్ మీద ఎండిన నూనె

అయినా, మెషీన్ చూసి రమ్మని స్వప్న నన్నే ఎందుకు పంపాలి? సెలవు దొరక్కపోతే ఇంకో ఆదివారం దాకా ఆగొచ్చుగా? నాలుగేళ్లుగా ఈ వాదన మోస్తున్నాను. నాతో నేనే వాదించుకుని ప్రతిసారీ ఓడిపోతున్నాను. ఈ ఉదయం దాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

కొండాపూర్‌లో ఒకే డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఇద్దరం టెక్నీషియన్లం. ఇద్దరికీ సొంత ల్యాబ్ పెట్టాలనే ఉండేది. స్వప్నే ముందు పుప్పాలగూడలో ల్యాబ్ కోసం ఒక మడిగె, చిన్న షాపు గది, కిరాయికి మాట్లాడుకుంది. మదీనాగూడలో ఒక పెద్దాయన ల్యాబ్ మూసేస్తూ మైక్రోస్కోప్ అమ్ముతున్నారని ఫోన్‌లో చూసిందీ తనే. ఆ రోజు తనకు డ్యూటీ పడింది. నన్ను పంపింది.

రక్తం స్లైడు పెట్టి చూశాను. అంతా మసక. పాత మైక్రోస్కోప్ అనగానే మాకుండే భయం లెన్స్‌లో ఫంగస్. లోపలికి పాకితే ఇక పనికిరాదు. అక్కడి నుంచే స్వప్నకు ఫోన్ చేశాను.

"ఫంగస్ పట్టిందే. వద్దు."

"అయ్యో! సక్కగ చూసినవా?"

"చూడకుండనే చెప్తున్ననా?"

"గంత గరమైతవేందే? నువ్వు ల్యాబ్ పెడితే పేషెంట్లు వారంల పారిపోతరు!"

నవ్వుతూనే అంది. నాకు మాత్రం మండింది. ఫోన్ పెట్టేశాను.

పక్కనే ఉన్న పెద్దాయన విన్నారు. "ఫంగస్ కాదండి, ఆయిల్ ఎండిపోయుంటుంది. ఓసారి తుడిచి చూడండమ్మా" అన్నారు. స్లైడు మీద మేం వేసే చుక్క నూనె అది. తుడవకుండా వదిలేస్తే లెన్స్‌కు పొరలా పట్టుకుంటుంది. రోజూ చేసే పనే, నాకు తెలియదా? తుడిచాను. ఎర్రకణాలు ఒక్కొక్కటీ అంచుతో సహా గుండ్రంగా కనిపించాయి.

ఫోన్ చేతిలోనే ఉంది. చేయలేదు. కోపమా? కాదు. కోపం ఆటో ఎక్కేలోపే చల్లారింది. ఆ తర్వాత దారి పొడుగునా ఫోన్‌లో ఏవేవో వీడియోలు చూస్తూ, ఇంటికెళ్లాక చెబుదాంలే అనుకున్నాను. కానీ అంత మంచి లెన్స్‌ను తనకు వదలబుద్ధి కాక మూడో రోజు నేనే వెళ్లి కొనేశాను.

స్వప్నకు మళ్లీ ఆ ధరకు అలాంటిది దొరకలేదు. కొత్తది కొనలేక మడిగె వదులుకుంది. ఇప్పటికీ అదే సెంటర్‌లో షిఫ్టులు చేస్తోంది. నా ల్యాబ్ పూజ రోజున మైక్రోస్కోప్‌కు బొట్టు పెట్టింది తనే. "మంచి పీసు దొరికిందే నీకు" అంది. ఎక్కడిదని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా? ఏమో.

ఈ ఉదయం జరిగిందంతా స్వప్నకు మెసేజ్ పెట్టాను. చదివింది. క్షమించమని నేను అడగలేదు. మైక్రోస్కోప్ తీసుకుపొమ్మనీ రాయలేదు, ఎందుకంటే ఇవ్వాలని లేదు. పొద్దున్నే కుర్చీ లాక్కుని కూర్చుని స్లైడు పెట్టుకుంటే నాకు హాయిగానే ఉంటుంది. అదీ రాశాను. రాశాక గుండె తేలికైంది.

కుమిలిపోతున్నానని రాసుంటే మీకు నచ్చేదేమో. అందుకోసం స్వప్నతో ఇంకో అబద్ధం ఆడమంటారా?