పాపాయక్క చిక్కు కథ

కడియం నర్సరీల్లో అంటు కట్టే ఆడవాళ్లు నోరు మూసుకుని పని చేయలేరు. చేస్తే నిద్ర ముంచుకొస్తుంది. మొక్క తల కోయడం, పుల్ల చెక్కి అందులో దింపడం, టేపు బిగించి చుట్టడం, పక్కది అందుకోవడం. సాయంత్రానికి మెడ మనది కాదు. అందుకే పచ్చవల నీడన పాపాయక్క చిక్కు కథ వేస్తుంది. ఒక వింత సంగతి చెప్పి, ఎందుకలా జరిగిందంటుంది. మేం ప్రశ్నలు అడగాలి. ఆవిడ ఔను అనాలి, లేదంటే కాదు అనాలి. జవాబు తన నోటితో చెప్పకూడదు, మాలో ఎవరో ఒకరు చెప్పాలి. ఈ పద్ధతి ఆవిడ పెట్టిందే. మాకు అంటు కట్టడం నేర్పిందీ ఆవిడే.

ఈ ఏడు ఒక మడిలో మామిడి అంట్లు మొత్తం ఎండిపోయాయి. నీళ్లు పెట్టే గంగరాజు సరిగా తడపలేదని నర్సరీ ఆసామి వెంకటరాజుగారు తేల్చేశారు. సోమవారం నుంచి రావద్దన్నారు. మాబోటి వాళ్ల పని తుమ్మితే ఊడే ముక్కు, ఎవరూ ఎదురు చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం పాపాయక్క కథ వేసింది.

"ఒక మడిలో అంట్లన్నీ చచ్చిపోయాయి. నీళ్లు బానే అందాయి. ఎందుకు?"

"పురుగు పట్టిందా?" అంది సత్యశ్రీ.

"కాదు."

"పుల్లల్లో లోపమా?"

"కాదు."

"కట్టులో లోపమా?" అన్నాను నేను.

"ఔను."

బ్లేడులన్నీ ఆగాయి. ఆ మడిలో అంట్లు ఎవరు కట్టారో అందరికీ తెలుసు. టేపు వదులైతే నీరు దిగి అతుకు కుళ్లుతుందనీ తెలుసు. ఆవిడ కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి టేపు జారిపోతుంటే కొన్నాళ్లుగా చూస్తూనే ఉన్నాం. చూసీ చూడనట్టు ఊరుకున్నాం.

సత్యశ్రీ గొంతు సవరించుకుని, "ఎలకలు కొరికాయేమో?" అంది.

"కాదు."

"ఎండదెబ్బా?"

"కాదు."

"పోనీ, ఎవరి దిష్టయినా తగిలిందా?"

ఎవరూ నవ్వలేదు. "కాదు," అంది పాపాయక్క.

అలా అడుగుతూనే పోయాం. తెలిసిన జవాబు చెప్పకుండా ఉండటానికి ఇంత కష్టపడటం ఎప్పుడూ లేదు. నీడన కూర్చునే పని పోతే ఈ వయసులో ఆవిడ ఎండలో మట్టి మోయాలి. నాకు అందరి మీదా కోపమొచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

పాపాయక్క బ్లేడు కింద పెట్టింది. "తెలిసే అడుగుతున్నారు. నాకు ఓపిక లేదే. ఎవరో ఒకళ్లు అనండి."

నా నోరు మంచిది కాదని ఊరందరికీ తెలుసు. ఆ పని నా మీదే పడింది.

"నీ చేతిలో పట్టు పోయింది కదక్కా?"

"ఔను."

ఏడుస్తుందేమో అనుకున్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. "రా అమ్మణ్ణీ. రాజుగారి ముందు కూడా అడుగు. నా అంతట నేను చెప్పబోతే నోరు పెగలట్లేదు. పొద్దున్న ఆయన దాకా వెళ్లి తిరిగొచ్చేశాను."

రాజుగారు లారీ దగ్గర నిలబడి మొక్కలు ఎక్కిస్తున్నారు. ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాం. నేను అడిగాను.

"పాపాయక్కా, ఆ మడి అంట్లు చావడం నీ కట్టు వల్లేనా?"

"ఔనండి," అంది, ఆయన వైపు తిరిగి. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే అంది, "గంగరాజుని ఉంచండి. నన్ను మట్టి మోసే పనికి వెయ్యండి."