చేపల కోసం కట్టిన తొట్టిలో నాయన

మా చిన్నప్పుడు, నేను ఐదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న ఎండాకాలం... నల్లమాడ దగ్గర మా ఊరి చెరువు కళ్లముందే అడుగంటిపోతోంది. ఎన్నో ఏళ్లకు నిండిన చెరువు అది. మధ్యలో మిగిలిన బురద మడుగులో చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతుంటే, కొంగలు బారులు తీరి కాచుకుని ఉండేవి.

మా నాయన బేల్దారి. ఇళ్లు కట్టే పని. ఆ చేపలను చూస్తే ఆయనకు మనసు ఆగలేదు. మళ్లీ వాన పడేదాకా కొన్నింటినైనా బతికిద్దామని, పనిలో మిగిలిన సిమెంటు, తాడిపత్రి బండల ముక్కలు తెచ్చి పెరట్లో తొట్టి కట్టాడు. నా గుండెల దాకా వచ్చే లోతు.

అమ్మకు మొదటి నుంచీ ఇష్టం లేదు. తాగే నీళ్లకే కొళాయి దగ్గర కొట్లాడుకునే ఊళ్లో చేపలకు తొట్టేమిటని ఆవిడ బాధ.

తొట్టి నింపగానే నాయన ఒకటి రెండు చేపపిల్లలను తెచ్చి వదిలాడు. పొద్దున్నే చూస్తే వెల్లకిలా తేలుతున్నాయి. కొత్త సిమెంటులోని సున్నం నీళ్లలోకి దిగిందని పక్కింటి ఖాసీం మామ చెప్పాడు. పేడ కలిపి, అరటిబోదె ముక్కలు వేసి, కొన్నాళ్లు నానబెట్టి ఆ నీళ్లు తోడెయ్యాలట. గోడలు రుద్ది మళ్లీ నింపాలట. చేప బతికేదాకా అంతేనట.

మొదటిసారి ఆ కంపు నీళ్లను అందరం బకెట్లతో తోడి మునగచెట్టుకు, మిరప మొక్కలకు పోశాం. రెండోసారికి నాయనకు ఓపిక లేకపోయింది. చెరువు చూస్తే రోజురోజుకూ తగ్గిపోతోంది... కట్టిన గోడలు తడపడానికి వాడే చిన్న మోటారు ఒకటి తెచ్చి తొట్టిలో ముంచాడు. దాని తీగ అతుకుల మీద టేపు లేదు. ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఉన్నాయి.

ఆ పొద్దున నేను మిరప మొక్కల దగ్గర పైపు పట్టుకుని నిలబడ్డాను. నాయన తొట్టిలోకి దిగి, ఏదో కూనిరాగం తీస్తూ కొబ్బరి పీచుతో గోడలు రుద్దుతున్నాడు. నీళ్లు ఆయన మోకాళ్ల కిందికి దిగాయి. మోటారు గాలి పీల్చి గుర్రుమంటుంటే, దాన్ని పక్కకు వంచుదామని చెయ్యి వేశాడు.

పాట ఆగిపోయింది.

కేక లేదు, పిలుపు లేదు... నేను తల తిప్పి చూస్తే, వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. పళ్లు గిట్టకరుచుకుపోయాయి. మెడ నరాలు ఉబ్బాయి. నన్ను ఆట పట్టిస్తున్నాడేమో అనుకుని నవ్వబోయాను. అప్పుడు ఆయన కళ్లు చూశాను. అవి నన్ను చూడటం లేదు. గొంతులోంచి సన్నటి మూలుగు ఒకటి వస్తోంది... అది మా నాయన గొంతు కాదు.

పైపు పారేసి పరుగెత్తాను. ఆయన భుజం పట్టుకుందామని చెయ్యి చాపాను. అంతలో వంటింటి గడప మీంచి అమ్మ గొంతు వినిపించింది.

"ముట్టుకోవాకు పాపా. ఆడ్నే నిలబడు."

తిరిగి చూసేసరికి అమ్మ ఇంట్లోకి పరుగెడుతోంది. నాయనను, నన్ను వదిలేసి పారిపోతోందనే అనుకున్నాను. అంత భయం నేను మళ్లీ ఎన్నడూ ఎరగను. పెరట్లో నేనొక్కదాన్నే... ఎదురుగా వణికిపోతున్న నాయన... అరుద్దామని నోరు తెరిస్తే మాట రాదు.

ఉన్నట్టుండి మోటారు చప్పుడు ఆగింది. అమ్మ లోపల ప్లగ్గు పీకేసింది. మరుక్షణం నాయన ముందుకు కూలి, ఆ మురికినీళ్లలో బోర్లా పడిపోయాడు.

అమ్మ ఎప్పుడు తిరిగొచ్చిందో, తొట్టిలోకి ఎలా దూకిందో నాకు తెలియదు. ఆయనను వెల్లకిలా తిప్పి, తల ఒళ్లోకి లాక్కుని, నోట్లో బురద వేలితో తీసేస్తూ, "ఊపిరి తీసుకో... తీసుకోప్పా" అని అదే మాట అంటూ ఉంది. చివరికి నాయన దగ్గాడు. ఆ దగ్గు విన్నాకే నాకూ గొంతు వచ్చింది. ఖాసీం మామ పరుగెత్తుకొచ్చేదాకా అరిచాను.

మామ ఆటోలో కదిరి ఆసుపత్రికి పోయాం. దారి పొడుగునా నేను నాయన కాలి బొటనవేలు పట్టుకునే కూర్చున్నాను... చల్లబడితే తెలుస్తుందని.

ప్రాణానికి ఏమీ కాలేదు. అరచెయ్యి మాత్రం కమిలిపోయింది. ఇంటికి రాగానే, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆ తొట్టి పూడ్చేద్దామన్నాడు. పెరటి వైపు చూడటానికే ఆయనకు భయం. ఎత్తయిన గోడల మీద నడిచే మనిషి...

తొట్టి వద్దన్న అమ్మే దానికి ఒప్పుకోలేదు.

"ఇంత జరిగినాంక పూడ్చేదేంది. నేను తోడతా. ఆ మోటారు మాత్రం ఇంట్లోకి రాకూడదు."

బిందెలతో తోడింది. గోడలు రుద్దింది. అక్కడ కరెంటు తీగ ఏదీ లేదని తెలిసినా, అమ్మ తొట్టిలో ఉన్నంతసేపూ నేను గట్టు మీద కూర్చుని ఆమె కొంగు వదల్లేదు. ఆమె కూడా విడిపించుకోలేదు. చేతికి చుట్టుకోనిచ్చి, అలాగే పని చేసుకుంది.

మళ్లీ నింపి ఒక్క చేపపిల్లను వదిలాం. తెల్లవారాక చూడటానికి నాకు ధైర్యం చాలక దుప్పటి కప్పుకుని పడుకున్నాను. అమ్మ పెరట్లోంచి పిలిచింది.

"బతికే ఉండాది. రా."

ఆ రోజే చెరువు బురదలోంచి బిందెలతో చేపలు తెచ్చాం. కొన్ని చచ్చిపోయాయి, చాలావరకు బతికాయి. వానలు పడి చెరువులోకి నీళ్లు వచ్చాక, నాయనే తొట్టిలోకి దిగి వాటిని పట్టి చెరువులో వదిలాడు. దిగే ముందు చాలాసేపు గట్టు మీదే నిలబడ్డాడు.

ఇప్పుడు మా ఊళ్లో మోటారును ఫోన్‌లోనే వేసి, ఫోన్‌లోనే ఆపేస్తున్నారు. ఎక్కడైనా తేడా వస్తే దానంతట అదే కరెంటు ఆపేసే స్విచ్చులు వచ్చాయి. మంచిదే... మా పిల్లలకు ఆ తొట్టి సంగతి చెబితే సగం నమ్ముతారు. అమ్మనడిగితే, "ప్లగ్గు పీకినాను, అంతే" అని పనిలో పడిపోతుంది.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు "అంతే" అని తేల్చేసిన రోజు ఒకటి ఉండే ఉంటుంది. గుర్తొస్తే కింద రాయండి... వాళ్లెలాగూ చెప్పరు.