మేడ్చల్‌కు దుబాసీగా వెళ్ళిన రోజు

తూంకుంటలో మా పక్క ప్లాటులో ఇల్లు కడుతున్నారు. అక్కడి రేకుల షెడ్డులో బిహార్ నుంచి వచ్చిన సునైనా కుటుంబం కాపలాగా ఉంటోంది. భర్త టైల్స్ మేస్త్రి. కూతురు పింకీకి ఐదేళ్ళు. మేడ్చల్ దగ్గరే ఇలాంటి మరో షెడ్డులో పుట్టింది, పుట్టినట్టు ఎక్కడా రాయించలేదు. ఇప్పుడు బడిలో చేర్చాలంటే పుట్టిన సర్టిఫికెట్ కావాలన్నారు. నెలాఖరు దాకా సీటు ఆపుతామని, ఆ తర్వాత తమ చేతుల్లో లేదని చెప్పేశారు.

ఆలస్యంగా రాయిస్తున్నారు కాబట్టి తల్లే స్వయంగా మేడ్చల్ ఆఫీసుకు వెళ్ళి అధికారి ముందు వివరాలు చెప్పాలి. సునైనా ఇప్పటికి రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ భాష తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని రమ్మని తిప్పి పంపారు. భర్త సిద్దిపేట వైపు పనిలో ఇరుక్కుపోయాడు. ఇక మిగిలింది నేను. కాకినాడలో చదువుకునే రోజుల్లో హిందీ పరీక్షలన్నీ వరసగా పాసైనదాన్ని. ఇన్నాళ్ళకు నా హిందీకి గిరాకీ వచ్చిందని కాస్త మురిసిపోయాను కూడా.

పింకీని మా ఇంట్లో మా ఆయన దగ్గర వదిలి, ఎనిమిదిన్నరకు కరీంనగర్ రోడ్డు మీద బస్సెక్కాం. సీట్లు లేవు, కమ్మీ పట్టుకుని నిలబడ్డాం. ఈ రాష్ట్రం ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, నా ఆధార్ చూసి కండక్టరు జీరో టికెట్ కొట్టింది. సునైనా కార్డును మాత్రం అటూ ఇటూ తిప్పి చూసింది.

"అక్కా, గీమెది బిహార్ కార్డు. ఫ్రీ రాదు, టికెట్ తీస్కోవాలె."

మీ వెంట వచ్చేవాళ్ళ కార్డు మీద ఏ ఊరి అడ్రసుందో ముందే చూసుకోండి. చిల్లర కూడా పెట్టుకోండి.

శామీర్‌పేటలో దిగి, మేడ్చల్ వెళ్ళే షేర్ ఆటో ఎక్కాం. ఆటో నిండితే గాని కదలదు. ఆఖరి సీటులోకి ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. చెవులకు బంగారు గెంటీలు, చేతిలో భూమి కాగితాల సంచి. దేవరయాంజాల్‌లో వాళ్ళకు పొలాలున్నాయట, ఇప్పుడు కొడుకు ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడట. ఆమె కూడా అదే ఆఫీసుకు వెళ్తోందట. మా పని అడిగి తెలుసుకుంది.

"నువ్వు మాట్లాడనీకె వోతున్నవా బిడ్డా? మంచి పని," అంది.

దారి పొడవునా నేను సునైనాకు పాఠం చెప్పాను. భయపడకు, అడిగినదానికి జవాబు చెప్పు, అర్థం కాకపోతే నావైపు చూడు. ఆమె బుద్ధిగా తలూపింది.

పదింటికల్లా ఆఫీసుకు చేరాం. వెళ్ళగానే పేరు రాయించుకోవడం మంచిది, ఆలస్యమైతే భోజనాల తర్వాత రమ్మంటారు. మంచినీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. బెంచీ మీద గంటన్నర కూర్చున్నాక పిలుపు వచ్చింది.

గుమస్తా ముప్పై దాటని కుర్రాడు. నేను గొంతు సవరించుకునేలోపే సునైనాతో గడగడా హిందీలో మాట్లాడేశాడు. నాది పుస్తకాల హిందీ, అతనిది పుట్టినప్పటి నుంచి వీధిలో మాట్లాడుతున్న హిందీ. పిల్ల పేరు, పుట్టిన తేదీ, ఎక్కడ పుట్టింది, మంత్రసాని ఎవరు అని అడిగితే సునైనా అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. నేనెందుకు వచ్చానో నాకే తెలియలేదు. అప్పుడు అతను తండ్రి పేరు అడిగాడు.

సునైనా తల దించుకుంది.

"సూస్తున్రా? ప్రతిసారీ గిదే లొల్లి," అన్నాడు గుమస్తా నాతో. "గీడిదాంక వచ్చి ఆగిపోతది. ఈమెది బిహార్ల వేరే భాష అనుకుంటున్న. మీరన్న అడుగున్రి."

"ఆప్‌కే పతి కా శుభనామ్ క్యా హై?" అన్నాను, ఒక్కో అక్షరం ఒత్తి పలుకుతూ.

"అమ్మా, గసొంటి హిందీ టీవీ వార్తలల్ల వింటం," అని నవ్వాడతను. సునైనా మాత్రం నోరు విప్పలేదు. మళ్ళీ అడిగాను. ఇంకాస్త గట్టిగా అడిగాను. నాకు నిజంగానే చిరాకొచ్చింది. ఆధార్‌లో భర్త పేరు ఉంది కదా, చూసి రాసుకోమన్నాను.

"కాగితంల ఉన్నది ఆమె నోట రావాలె, అది గూడ మేడం ముంగట. మొగని పేరే చెప్పకపోతే తల్లని ఎట్ల నమ్ముతం? ఇయ్యాల గూడ కాకపోతే దరఖాస్తు కొట్టేస్తరు. మల్ల మొదటికెంచి పెట్టుకోవాలె."

తెలుగు రాకపోయినా, దరఖాస్తు పోతుందన్న సంగతి సునైనాకు అర్థమైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా పేరు రాలేదు. మళ్ళీ మొదటి నుంచి అంటే నెలాఖరు దాటిపోతుంది, పింకీ బడి పోతుంది.

వెనక బెంచీ మీద నుంచి ఆటోలోని పెద్దావిడ లేచి వచ్చింది.

"సారూ, ఈ పిల్లకు మాట రాక గాదు. పెనిమిటి పేరు నోట తియ్యదు. నేనూ ఏనాడు తియ్యలే. ఎవలన్న అడిగితే నా కొడుకు చెప్తడు."

"ఇంక గిదేంది అవ్వా, ఈ కాలంల?"

"మీ నాయినమ్మ మీ తాతను ఏమని పిలిచేది?"

గుమస్తా పెన్ను కింద పెట్టాడు. "'గాయన' అనేది," అన్నాడు మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. భాష, భాష అని ఊగిపోయాం గాని, ఆమెకు భాష రాకపోవడం కాదు సమస్య. పేరు పలికితే భర్త ఆయుష్షు తగ్గుతుందని ఆమె భయం. అటు కూతురి బడి, ఇటు భర్త ప్రాణం అనుకుని నలిగిపోతోంది ఆ పిల్ల.

పెద్దావిడ గబగబా వెళ్ళి అధికారి గది గుమ్మానికి అడ్డంగా చెయ్యి చాపి నిలబడింది. "మా దిక్కు కొత్తకోడలు పెనిమిటి పేరు జెప్తెనే గడప దాటనిస్తరు. గడపల చెప్తే ఏం గాదు, ఆయుష్షు పెరుగుతదంటరు. జర చెప్పు ఆమెకు."

ఆ పూట నేను నిజంగా తర్జుమా చేసింది ఆ మాట ఒక్కటే. నా పుస్తకాల హిందీలోనే చెప్పాను. సునైనా విని, తమ ఊళ్ళో కూడా పెళ్ళిలో ఆడబడుచులు ఇలాగే గుమ్మం అడ్డగిస్తారంది. కొంగు తల మీదికి లాక్కుని, గడప దగ్గర నిలబడి, పెద్దావిడ చెవిలో ఏదో చెప్పింది.

"నాకు జెప్పినవు, ఇగ మేడంకు జెప్పు," అని చెయ్యి తీసింది పెద్దావిడ.

లోపల మేడం ఇదంతా విననే విన్నారు. నవ్వు ఆపుకుంటూ తండ్రి పేరు అడిగారు. "మహేశ్ యాదవ్," అంది సునైనా, గోడవైపు చూస్తూ. మేడం సంతకం పెట్టేశారు. వారంలోపు మీసేవలో సర్టిఫికెట్ తీసుకోవచ్చన్నారు.

బయటికొచ్చాక ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. పెద్దావిడ వంతు ఇంకా రాలేదు. ఆమె రెండు చేతులూ పట్టుకుని సెలవు తీసుకున్నాం. సునైనా తెచ్చిన రొట్టెలు, బంగాళాదుంప కూర మెట్ల మీదే కూర్చుని తిన్నాం. తిరుగు దారిలో శామీర్‌పేట చౌరస్తాలో టీ తాగాం. అక్కడ అల్లం టీ బాగుంటుంది, తాగి చూడండి.

మూడింటికి తూంకుంట వైపు బస్సు దొరికింది. ఈసారి సీట్లు కూడా దొరికాయి. ఇంతలో మా ఆయన ఫోను. ఫోనులో ఆయన పేరు 'ఇల్లు' అని పెట్టుకున్నాను. పనైపోయిందండీ, వస్తున్నానండీ అని చెప్పి పెట్టేశాను.

"దీదీ, భయ్యా పేరేమిటి?" అంది సునైనా, కళ్ళు చిలిపిగా మెరుస్తుండగా.

నోరు తెరిచాను. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ పేరుతో నాకెప్పుడూ పని పడలేదు, అంతా 'ఏవండీ'తోనే నడిచిపోయింది. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళున్నారు, పక్కన కండక్టరు నిలబడి ఉంది. నేను సునైనా వైపు వంగి, ఆమె చెవిలో చెప్పాను.