గోడకు ఇటూ అటూ

ఈ సంగతి అప్పుడే రాయలేకపోవడానికి కారణాలు రెండు. మా సెంటర్లో జరిగిన ట్రయల్ ముగిసేదాకా దాని గురించి బయట మాట్లాడకూడదు. పైగా అప్పటికి నాకు అక్షరాలు రావు. యాభై దాటాక మా ఊరి షాదీపూర్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర నేర్చుకున్నాను.

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది అది. అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ ఇచ్చే సెంటర్లో ఆయాగా చేసేదాన్ని. అక్కడి డాక్టరమ్మ ఒక క్లినికల్ ట్రయల్ మొదలుపెట్టింది. మందుల ట్రయల్ కాదు. మాట రాని పిల్లలతో ఇంట్లో ఎలా ఆడాలో తల్లులకు నేర్పితే పిల్లల్లో మార్పు వస్తుందా అని చూడటం. చేరిన కుటుంబాలను కంప్యూటర్ లాటరీ తీసినట్టు రెండుగా విడదీసింది. దాన్ని రాండమైజేషన్ అంటారు. ఒక గ్రూపుకు వెంటనే శిక్షణ. రెండోది కంట్రోల్ గ్రూపు, అంటే పోల్చి చూడటానికి. వాళ్లకు మామూలు థెరపీ సాగుతుంది. ఆరు నెలలకు పిల్లల్లో మార్పు కొలిచే అసెస్‌మెంట్ అయ్యాకే శిక్షణ వంతు వస్తుంది.

ఊరి శివారు బ్రూక్షాబాద్‌లో పక్కపక్క ఇళ్లవాళ్లు ఇద్దరు చేరారు. ఒక స్కూలు మాస్టారి భార్య మాధవి, కొడుకుతో శిక్షణ గ్రూపులో పడింది. ఇక్కడే పుట్టి పెరిగిన పార్వతి, నాలుగేళ్ల కూతురు జాన్వితో కంట్రోల్ గ్రూపులో పడింది.

అసెస్‌మెంట్ ముందురోజు గుర్తుచేద్దామని పార్వతి ఇంటికి వెళ్లాను. ఆమె పెరట్లో నేలమీద కూర్చుని, బిస్కెట్ల డబ్బా పట్టుకుని, నోరు మెదపకుండా ఉంది. జాన్వి డబ్బా మీద చెయ్యి వేసి, తల్లి ముఖంలోకి చూసింది. అప్పటిదాకా ఆ పిల్ల ఎవరి ముఖమూ చూడటం నేను ఎరగను. సంతోషించేలోపే భయం వేసింది. పిల్ల చూసేదాకా ఆగడం శిక్షణలో మొదటి పాఠం, పార్వతికి ఇంకా అందని పాఠం.

"ఎవరు నేర్పారే నీకు?" అన్నాను.

జవాబు గోడ అవతలినుంచి వచ్చింది. బట్టలు ఆరేస్తున్న మాధవి తల ఎత్తింది. "నేనే. తిడితే నన్ను తిట్టండి దీదీ. చేపల పులుసు వండితే గిన్నెడు అటు పంపిస్తాను. ఇది మాత్రం దాచుకోనా?"

"ఎవరికీ చెప్పనని సంతకం పెట్టావు కదమ్మా."

"పెట్టాను. ఆ పూట ఈ పిల్ల మా గుమ్మంలో తల బాదుకోలేదు మరి."

పార్వతి నా చెయ్యి పట్టుకుంది. "డాక్టర్ మేడమ్‌కి మత్ బోలో దీదీ, చెప్పకు. పేరు కొట్టేత్తే నా వంతు పోద్ది. మళ్లీ నాకెవలు నేర్పుతారు?"

మాట ఇవ్వకుండానే వచ్చేశాను. చెప్పకపోతే నష్టం ఏమిటో నాకు తెలుసు. శిక్షణ లేని పిల్లలు కూడా బాగుపడ్డారని లెక్క తేలితే, శిక్షణ వల్ల లాభం లేదని రాస్తారు. అప్పుడు మిగతా దీవుల్లో ఉన్న తల్లులకు అది ఎప్పటికీ చేరదు. వాళ్లెవరూ నా చెయ్యి పట్టుకుని అడగలేదు, అంతే తేడా. ఎదురుగా ఉన్నవాళ్ల కష్టంతోపాటు కంటికి కనబడనివాళ్లది కూడా లెక్కలోకి తీసుకోవాలని అప్పుడే నేర్చుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నేరుగా సెంటర్‌కు పోలేదు. ముందు బ్రూక్షాబాద్ వెళ్లి, "డాక్టరమ్మతో చెప్పబోతున్నాను, నీ వెనక చెప్పడం ఇష్టంలేక వచ్చాను" అన్నాను.

"నమ్మి ఇంట్లోకి రానిచ్చాను నిన్ను," అంది పార్వతి. బస్సులో నా పక్కన కూర్చోలేదు. మాధవి పిలవకుండానే వచ్చింది.

డాక్టరమ్మ అంతా విని తలుపు వేయించింది. "పేరు కొట్టేయం. జరిగింది జరిగినట్టు ప్రోటోకాల్ డీవియేషన్ అని, అంటే నియమం తప్పిందని రాస్తాం. నీ వంతు నీకుంటుంది."

పార్వతి కళ్లు తుడుచుకుంది. "మరి నా వంతు వచ్చేదాకా ఇంట్లో ఆపెయ్యాలా మేడమ్?"

"ఆపమని నేను చెప్పలేను," అంది డాక్టరమ్మ.

అసెస్‌మెంట్ చేసే మేడమ్‌కు ఏ పిల్ల ఏ గ్రూపో తెలియకూడదు. జాన్విని నేనే గదిలోకి తీసుకెళ్లాను.

"ఎలా ఉంది పాప? ఏమైనా మార్పుందా?" అని ఆమె మాటవరసకు అడిగింది.

"మీరే చూడండి మేడమ్," అని తలుపు దగ్గరగా వేసి, బయట పార్వతి పక్కన కూర్చున్నాను. ఆమె పక్కకు జరగలేదు.