మూడో పిలుపుదాకా పలకని సారు

ఎవరు ఫోన్ చేసినా మూడోసారికి గాని ఎత్తేవారు కాదు మా సారు. పోయిన నెల నేను చేస్తే మొదటిసారికే ఎత్తారు. అప్పుడే ఏదో జరిగిందనుకున్నాను. పలికింది ఆయన భార్య. "సారు పొద్దున పోయినాడప్పా" అంది.

హిందూపురంలో నాది చిన్న డీటీపీ షాపు. పెనుకొండలో నాకు చరిత్ర చెప్పిన ఆ సారు రిటైరయ్యాక నవల రాస్తూ నా దగ్గరికి వచ్చారు. అందులో రెండో ప్రపంచ యుద్ధాన్ని రక్తం తాగే పిశాచాలు గెలుస్తాయి. వాటి దండు పెనుకొండ కోటలో దిగుతుంది. అవి మన ఇంటివాళ్ల గొంతుతోనే పిలుస్తాయి, కానీ రెండుసార్లే పిలవగలవు. అందుకే మూడో పిలుపుదాకా ఊళ్లో ఎవరూ తలుపు తీయరు. "నేను కల్పించింది కాదబ్బా, మా అవ్వ నేర్పిన జాగ్రత్త ఇది" అనేవారు.

వచ్చినప్పుడల్లా మా పాపకు వేరుశనగ ఉండలు తెచ్చేవారు. ముందు తాను ఒకటి కొరికి చూసుకునేవారు. "నమ్మేది మంచిదే, చూసి నమ్మేది ఇంకా మంచిది" అనేవారు. నన్నూ నమ్మలేదు. కథ ఎవరైనా కొట్టేస్తారని బేసి అధ్యాయాలు నాకు, సరి అధ్యాయాలు ధర్మవరంలో డీటీపీ చేసే ఒకమ్మాయికి ఇచ్చేవారు. ప్రింటు చేతికి రాగానే నా వెనకే నిలబడి, "డిలీట్ చేసినావా? రీసైకిల్ బిన్‌లో గూడా?" అని అడిగేవారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడిలా కనబడుతున్నానా అని ఒళ్లు మండేది. ఆ మంటలోనే ఒక కాపీ దాచుకున్నాను. అంటే ఆయన అనుమానం నిజమే. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

దినాలకు పెనుకొండ వెళ్తే ఆ ధర్మవరం అమ్మాయి కూడా వచ్చింది. ఇద్దరం ఒకరినొకరం దొంగల్లా చూసుకున్నాం. "ఆస్పత్రికి పోయే ముందర కాగితాలన్నీ నీళ్ల పొయ్యిలో పెట్టినాడు. ఇవి మాత్రం మీకియ్యమన్నాడు" అంటూ సారు భార్య మా ఇద్దరికీ చెరో కవరు ఇచ్చింది.

నా కవరులో చీటీ ఉంది. "నువ్వు డిలీట్ చేయలేదని తెలుసు. ఆయమ్మా చేయలేదు. ఆ ధైర్యంతోనే ఇంట్లోవి కాలుస్తాండా. ఇది చివరి అధ్యాయంలో సగం. మిగతాది ఆయమ్మ దగ్గర ఉండాది." అన్నాళ్లూ ఆయన్ను తిట్టుకున్న నాకు అక్కడే ఏడుపొచ్చింది.

అరుగు మీద కూర్చున్నాం. "నీ సగం ఇయ్యన్నా, చూసిస్తా" అంది ఆ అమ్మాయి. నేను పలకలేదు. మళ్లీ అడిగింది. కవరు గట్టిగా పట్టుకున్నాను. మూడోసారి అడిగాక కాగితాలు చాపాను, ఒక కొస వదలకుండానే. తనూ తనవి అలాగే చాపింది. కొసలు పట్టుకునే ఇద్దరం చదవడం మొదలుపెట్టాం.