బల్లలు జరిపిన మేనత్త

టర్ము సెలవులకు టూవూంబా పట్టణంలో నా భార్యాపిల్లల దగ్గర ఉండగా మా బడి ప్రిన్సిపాల్ ఫోను చేశారు. "మీ తరగతిలోని పెద్దావిడ పోయారు. రాగలరా?" అన్నారు. "ఎవరు?" అని అడిగాను. ఆయన రెండోసారి కూడా పేరు చెప్పలేదు. నా దగ్గర ఏదో దాస్తున్నారనే మొదట అనుకున్నాను. తరువాత గుర్తొచ్చింది. ఆ ఊళ్ళో చనిపోయినవారి పేరు కొంతకాలం పలకరు. నేనూ ఇక్కడ పలకను. ఆమె నాకు మేనత్త. ఆ వరస ఎలా కలిసిందో పాఠకులకు చెప్పడం నా ధర్మమనుకుంటున్నాను.

ఆస్ట్రేలియా నడిబొడ్డున, ఎర్రమట్టి నేలలో ఉన్న ఆదివాసుల ఊరి బడి మాది. అక్కడినుంచి తారు రోడ్డు చేరడానికే సగం రోజు పడుతుంది. నేను పగలు నగర శివారు ట్రుగనీనాలోని గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపి, రాత్రి తరగతుల్లో చదివి, నలభై దాటాక ఉపాధ్యాయ పట్టా పుచ్చుకున్నవాణ్ణి. ఆ పట్టాకు పటం కట్టించి నా తరగతి గదిలోనే తగిలించాను. మొదటి రెండు టర్ములు గడిచాక నన్ను ఉంచాలో పంపాలో ఊరి పెద్దల కమిటీ తేలుస్తుందన్నారు. పంపితే మళ్ళీ గోదామే. ఆమె ఆ కమిటీలో సభ్యురాలు, నా తరగతిలో సహాయ ఉపాధ్యాయిని. నా తప్పులు ఏరడానికే ఆమెను వెనక కూర్చోబెట్టారని మొదటి రోజే నిశ్చయించుకున్నాను.

ఆమె చెప్పులు లేకుండా, చేతిలో టీ కప్పుతో వచ్చి తలుపు పక్కన కూర్చునేది. నా ముఖంలోకి చూసేది కాదు. నేను ప్రశ్న వేసి, జవాబు రాకపోతే మళ్ళీ వేసి, చివరికి నేనే చెప్పేసేవాణ్ణి. "పిల్లవాడు ఆలోచిస్తున్నాడు. నువ్వెందుకు మాట్లాడుతున్నావు?" అందొకసారి. తమ భాషలో ఏదో అంటే పిల్లలంతా నవ్వారు. నా గురించే అయి ఉంటుందనుకున్నాను.

హాజరుపట్టీ వరసలో పిల్లలను కూర్చోబెట్టడం ఒంగోలు బడిలో నేను నేర్చిన క్రమశిక్షణ. అయితే రోజూ ఉదయం నేను వచ్చేసరికి రెండు మూడు బల్లలు చోటు మారి ఉండేవి. నేను వాటిని యథాస్థానంలో పెట్టేవాణ్ణి. మరునాడు మళ్ళీ జరిగి ఉండేవి. సాక్ష్యం కోసం ఒక సాయంత్రం బల్లకాళ్ళ చుట్టూ సుద్దముక్కతో సున్నాలు గీశాను. పొద్దున సున్నాలు అక్కడే ఉన్నాయి, కాళ్ళు వాటిలో లేవు.

ఆ వారమే ఒక పదమూడేళ్ళ అమ్మాయిని, "నీ పక్కవాడి లెక్క తప్పింది. వాడి పేరు పిలిచి దిద్దు" అన్నాను. ఆ పిల్ల తల వంచుకుని లేచి వెళ్ళిపోయింది. మరునాడు వాళ్ళిద్దరూ రాలేదు. ఆపై వాళ్ళ బంధువుల పిల్లలు ముగ్గురు మానేశారు. కమిటీ సమావేశం దగ్గర పడింది. నన్ను సాగనంపడానికి ఆమే ఇదంతా నడుపుతోందని నాకిక సందేహం లేకపోయింది.

"నా బల్లలు ఎందుకు జరుపుతున్నారు?" అని నిలదీశాను.

ఆమె టీ మొత్తం తాగింది. "మీ అమ్మకు అక్కచెల్లెళ్ళున్నారా?"

నా ఇంటి సంగతులు ఈమెకెందుకు? "ఒక పిన్ని ఉంది."

"పిన్ని కూతురు నీకేమవుతుంది?"

"చెల్లెలు."

"మీ ఇంటిపేరేనా?"

"కాదు."

"మరి మీ మేనమామ కూతురు?"

"చెల్లెలు కాదు. ఆ అమ్మాయిని పెళ్ళి చేసుకోవచ్చు."

ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే. "తెల్ల టీచర్లకు ఇద్దరూ కజిన్లే. వాళ్ళకు చెప్పేసరికి నా నోరు పడిపోతుంది. నీకు అంతా తెలుసు. తెలిసీ అక్షరాల వరసలో కూర్చోబెట్టావు. నీకేం రోగం?"

ఆ అమ్మాయి, ఆ అబ్బాయి అక్కచెల్లెళ్ళ బిడ్డలు. అంటే అన్నాచెల్లెళ్ళు. ఈడొచ్చాక వాళ్ళు పక్కపక్కన కూర్చోరు, ఒకరి పేరు ఒకరు పలకరు. ఇంటిపేర్లు వేరని చూసి నేను వాళ్ళను పరాయివాళ్ళనుకున్నాను. వరసలు తెలిసిన తెలుగువాడు చేయకూడని తప్పు అది.

"నోటితో చెప్పవచ్చు కదా?" అన్నాను.

"రోజూ చెప్పాను. రోజూ వెనక్కి జరిపావు. సున్నాలు కూడా చుట్టావు."

ఆ సాయంత్రం నన్ను ఆ అమ్మాయి ఇంటికి తీసుకువెళ్ళింది. నన్ను వాకిట్లో నిలబెట్టి తనే మాట్లాడింది. సోమవారం అయిదుగురూ వచ్చారు. బల్లలు ఆమె పెట్టినచోటే ఉన్నాయి. "వరస లేని మనిషితో పనిచేయడం కష్టం" అంటూ నన్ను తన అన్న కొడుకుల్లో చేర్చుకుంది.

కమిటీ సమావేశంలో ఆమె నావైపు చూడకుండా తమ భాషలో చాలాసేపు మాట్లాడింది. చివరికి మిగతా పెద్దలు "ఉండమంటోంది" అన్నారు. బయటికి వచ్చాక, అంతసేపు నా గురించి ఏం చెప్పావని అడిగాను.

"నీది ఒక్కమాటే. మిగతాదంతా కూలరు బాగుచేయించమని."

ఆ ఒక్కమాట ఏమిటో ఏడేళ్ళపాటు చాలాసార్లు అడిగాను. చెప్పలేదు. జాలిపడి ఉంచిందా, నాలో ఏమైనా చూసి ఉంచిందా అన్న అనుమానం నాతోనే ఉండిపోయింది.

సెలవులు ముగియకముందే బయలుదేరి వెళ్ళాను. ఆమె కూర్చునే తరగతి గదికి వాళ్ళ ఆచారం ప్రకారం పచ్చి ఆకుల పొగ పట్టి ఉంచారు. పేరులాగే ముఖమూ కొంతకాలం కనబడకూడదు గనక గోడమీది బడి ఫోటోలో ఆమె ముఖాన్ని మూసేయాలి. ఆ పని ఆఫీసువాళ్ళు చూసుకుంటారనుకుని పక్కకు నిలబడ్డాను. ఆమె పెద్దకూతురు, వరసకు నాకు వదిన, తెల్లకాగితమూ టేపూ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీ అత్త. నువ్వే అతికించు."

ఇంకెవరూ దొరకక నన్ను అడిగిందేమోనని చుట్టూ చూశాను. వరండా నిండా మనుషులున్నారు. అందరూ నాకోసమే ఆగి ఉన్నారు.

బొటనవేలి గోరంత కాగితం కత్తిరించి ఆమె ముఖంమీద ఉంచాను. పైన తిరుగుతున్న ఫ్యాను గాలికి టేపు ఒక మూల లేస్తోంది. అంటుకునేదాకా దానిమీద వేలు ఆనించి నిలబడ్డాను.