పదిరోజులాయన

పళ్ల డాక్టరమ్మ ఇంటి హాల్లో వెదురు పలకల నేల ఒంటె మూపురంలా లేచింది. షాపు యజమాని వచ్చి దాన్ని బూటుకాలితో తొక్కి చూశాడు. ఒకచోట తొక్కితే ఇంకోచోట లేచింది.

"తప్పెవరిది?" అన్నాడు.

అడిగింది షాపులో అమ్మకాలు చూసే కుర్రాణ్ణి. నేల పరిచిన మనిషి ఆ కుర్రాడికి సొంత అక్క మొగుడు. ఆయన కూడా అక్కడే, చేతిలో చిన్న గునపంతో గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

కుర్రాడు బావ వైపు చూడలేదు. "గోడవార సందు వదల్లేదండీ. ఎంత చెప్పినా ఆయన పద్ధతి ఆయనదే," అన్నాడు.

అది అబద్ధం. చెక్కయినా వెదురైనా వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. అందుకే గోడకీ పలకకీ మధ్య వేలెడు సందు వదిలి, పైన సన్నపట్టీ కొట్టి కప్పుతారు. బావ వదిలాడు. రెండు నెలల వానలకి ఉబ్బిన పలకలు ఆ సందుని మింగేసి, అదీ చాలక మధ్యలో లేచాయి. యజమాని పట్టీ పీకించి చూస్తే పలకలు గోడకి ఆనుకునే ఉన్నాయి. అబద్ధానికి నేలే సాక్ష్యం చెప్పింది. బావ గునపం సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అసలు సంగతి ఇద్దరికే తెలుసు. ఆ పలకలు రేకుల గోడౌన్లో వేసవంతా మగ్గి ఎముకల్లా ఎండిపోయాయి. డాక్టరమ్మ ఇల్లేమో కొత్తగా పూత పూసిన ఇల్లు, గోడలింకా చెమ్మ కక్కుతున్నాయి. అలాంటప్పుడు పలకల్ని పరిచే ముందు పదిరోజులు ఆ గదిలోనే ఊరికే ఉంచాలి. గదిలో ఉన్న చెమ్మని అవి నెమ్మదిగా తాగి, ఉబ్బేదేదో ముందే ఉబ్బి కుదురుకుంటాయి. బావ ఆ మాటే చెప్పాడు.

"కొత్తగా వచ్చిన అల్లుడికైనా ఏ గిన్నె ఎక్కడుందో తెలియడానికి నాలుగు రోజులు పడుతుంది. చెక్కకి ఆమాత్రం వద్దుట్రా?"

"ఆదివారం డాక్టరమ్మ సామాను దిగుతోంది బావా. పదిరోజులంటే నా ఉద్యోగం ఊడుతుంది. నువ్వు పరిచెయ్, ఏదన్నా అయితే నేను చూసుకుంటాను."

బావమరిది చూసుకుంటానన్నాక బావ పరిచాడు. ఎలా చూసుకున్నాడో పైన చెప్పిందే.

ఇంటికెళ్లి ఆయన భార్యకి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ స్కూలు పిల్లల బట్టలు కుడుతుంది. మిషను ఆపకుండానే వింది.

"వాణ్ణి చంకనేసుకుని పెంచింది నేను. వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. మీకంటే ముందే వచ్చి, మీరు సందు వదల్లేదని చెప్పాడు. చెవులు మామూలుగానే ఉన్నాయి."

ఆయన రెండోసారి చెప్పలేదు. ఒకసారి చెబితే నిజం, రెండుసార్లు చెబితే సంజాయిషీ అనుకునే రకం ఆయన. అలాంటి రకానికి లోకంలో ఒరిగేదేమీ ఉండదు. ఆవిడ చెడ్డది కాదు, మొగుడంటే ప్రేమ లేనిదీ కాదు. కాకపోతే ఆ రోజునుంచీ ఇంట్లో ఆవిడకి ఒక మాట దొరికింది. అలమార తలుపు బిగుసుకుపోతే "సందు వదిలారా?" అనేది. పెట్టె మూత పడకపోతే "సందు వదిలారా?" అనేది. పిల్లలు కూడా నేర్చుకున్నారు. అందరూ నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

షాపులు ఆయన్ని పిలవడం మానేశాయి. మిగతా పనివాళ్లు పేరు పెట్టారు, పదిరోజులాయన అని. "ఆయన్ని పిలుస్తావా? అయితే ఇంటికి పునాది తియ్యకముందే కబురు పెట్టు" అని ఎగతాళి చేసేవాళ్లు.

తర్వాత పన్నెండేళ్లు ఆయన కూల్చేసిన ఇళ్ల చుట్టూ తిరిగి బతికాడు. పాత తలుపులు, దూలాలు, మెట్ల పలకలు ఎవరూ వద్దన్నవి ఏరుకొచ్చేవాడు. ఒక్కో పలక మీద అయస్కాంతం పాకించి లోపల విరిగిన మేకులు వెతికి పీకేవాడు. పలకలుగా కోసి, చిత్రికపట్టి, అవిసె నూనె పట్టించి పరిచేవాడు. జిగురు వాడేవాడు కాదు. కింద చెక్క పట్టీలు వేసి వాటికి మేకులు కొట్టేవాడు. ఎక్కడైనా మట్టినేల అడిగితే మట్టి, సున్నం కలిపి అదీ వేసేవాడు. ఏడాదికి నాలుగైదు ఇళ్లు. మోకాళ్లకి కట్టుకునే తొడుగులు పాత టైరు ట్యూబుతో ఆయనే కోసుకున్నవి. తొడుగుల కింద మోకాళ్లు ఆ ట్యూబు కంటే గట్టిపడ్డాయి. జేబులో రెండు సూదుల మీటరు ఒకటి ఉండేది. సూదులు చెక్కలో గుచ్చితే లోపల ఎంత చెమ్మ ఉందో అంకె చూపిస్తుంది. ఆ అంకె ఒప్పుకుంటే తప్ప పని మొదలుపెట్టడు, ఇంటివాళ్లు తలకిందులుగా తపస్సు చేసినా సరే.

ఈలోగా బావమరిది షాపుకి పెద్ద అయ్యాడు. అద్దాల గది వచ్చింది, పొట్ట వచ్చింది. పర్యావరణానికి మేలు చేసే నేలలని జనం అడగడం మొదలుపెట్టాక ప్రతి డబ్బా మీదా ఒక ఆకు బొమ్మ కూడా వచ్చింది. వెదురు డబ్బా మీద ఆకు. చెట్టుని నరక్కుండా బెరడు ఒలిచి చేసే బిరడా పలకల మీద ఆకు. ప్లాస్టిక్ మీద చెక్క ఫొటో అచ్చేసిన దాని మీద అన్నిటికంటే పెద్ద ఆకు. కొనేవాళ్లందరూ చదువుకున్నవాళ్లే. అది ఏ చెట్టు ఆకు అని ఒక్కడూ అడగలేదు.

ఆ పెద్ద ఆకు రకాన్నే బావమరిది తన ఇంటి హాల్లో కూడా వేయించాడు, సిబ్బందికి తగ్గింపు ధరలో వస్తోందని. నెల తిరక్కుండా భార్యకి దగ్గు పట్టుకుంది. హాల్లో కూర్చుంటే కళ్లు మండేవి, బయటికొస్తే తగ్గేవి. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి చివరికి "నేలకి ఏం జిగురు పూశారు?" అని అడిగాడు. మొత్తం పీకించెయ్యమన్నాడు.

పీకించడం ఒక పూట పని. ఆ తర్వాత ఏం వెయ్యాలన్నదే తేలలేదు. వెయ్యి ఇళ్లకి నేల ఎంచిపెట్టిన మనిషి తన కేటలాగు తనే ముందేసుకుని మూడు రోజులు కూర్చున్నాడు. అందులో ఏ ఆకునీ నమ్మబుద్ధి కాలేదు. ప్రతి డబ్బా వెనక ఏం రాసి ఉంటుందో, ఏం రాయకుండా ఉంటుందో ఆయనకి తెలుసు. నాలుగో రోజు భార్యే అంది:

"మీ బావగార్ని అడగరాదూ? పరాయివాళ్ల ఇళ్లన్నిటికీ వేస్తాడు కదా, మనింటికే రాడా?"

ఫోను చేస్తే పదిరోజులాయన వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట వదిలి, ఉత్త సిమెంటు మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఏం బామ్మర్దీ, మీ షాపులో అన్నీ అయిపోయాయా?"

"ఉన్నాయి బావా. వెదురు మంచిదంటావా?"

"వెదురు మంచిదే. ఆ పలకని అంటించి ఉంచే జిగురు మంచిదో కాదో అది నువ్వు నాకు చెప్పాలి, అమ్మేది నువ్వు. బిరడా మెత్తగా ఉంటుంది, కానీ మీ ఇంట్లో ఇనప కుర్చీలున్నాయి, గుంటలు పెడతాయి. పాత బడి ఒకటి కూల్చారు, దాని దూలాలు నా దగ్గరున్నాయి. యాభై ఏళ్లు ఎండినవి. జిగురు అక్కర్లేదు, వాసనా ఉండదు. నూనె వాసన వారంలో పోతుంది. ఏం చెల్లెమ్మా, సరేనా?"

"మీరెలా అంటే అలా అన్నయ్యా. దగ్గు రాకపోతే చాలు."

"అయితే రేపు తెచ్చి పడేస్తాను. పదిరోజులాగి పరుస్తాను."

"యాభై ఏళ్ల పాత చెక్కకి కూడా పదిరోజులా బావా?" అన్నాడు బావమరిది. అలవాటుగా అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

"చెక్క పాతదేరా. దానికి ఈ గది కొత్త."

పలకలు వచ్చాయి. మధ్యమధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా హాలు నడుమ దొంతర పేర్చాడు. ఇంట్లోవాళ్లు దాని చుట్టూ తిరిగి వంటింట్లోకి పోయేవాళ్లు. రోజూ పొద్దున్నే వచ్చి సూదులు గుచ్చి, అంకె చూసి, పెన్సిలుతో పలక అడుగున రాసి వెళ్లిపోయేవాడు. బావమరిది ఆ వేళకి ఏదో ఒక పని కల్పించుకుని బయటే ఉండేవాడు. రాత్రిళ్లు వంటింట్లోకి వెళ్లేటప్పుడు దొంతర వైపు చూడకుండా గోడవారగా నడిచేవాడు. ఒక్క మాట, బావకీ అక్కకీ మధ్య తను పెట్టిన ఆ ఒక్క మాట తీసేస్తే సరిపోతుంది. పన్నెండేళ్లుగా సరిపోతుందనే అనుకుంటున్నాడు.

ఆరో రోజు ఆదివారం. అక్క మరదల్ని చూడటానికి వచ్చింది. ఆ రోజు తప్పించుకునే దారి లేక బావమరిది కూడా ఇంట్లోనే ఉన్నాడు. ఆవిడ దొంతర చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మీటరుతో వంగి ఉన్న మొగుణ్ణి చూసి నవ్వింది.

"ఇప్పుడా ఈ జాగ్రత్తలు? ఆ పళ్ల డాక్టరమ్మ ఇంట్లో ఇందులో సగం చూపిస్తే మా తమ్ముడు నలుగురిలో తల దించుకునేవాడా? ఏమండీ, ఈసారన్నా సందు వదులుతారా?"

పదిరోజులాయన సూదులు పీకి తర్వాతి పలకకి గుచ్చాడు. "పదకొండు," అని అంకె రాసుకున్నాడు.

బావమరిది మంచినీళ్లు తాగుతున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా ఇంకాసేపు తాగాడు.

"అదేంటండీ, చెవులు అలా కందిపోయాయి?" అంది బావమరిది భార్య.

"ఎండకి," అంది అక్క. "షాపులో ఏసీ, బయట మంట. వాడి చెవులు చిన్నప్పట్నుంచీ సున్నితం."

పదకొండో రోజు పని మొదలైంది. మూడు రోజుల్లో నేల అయిపోయింది. గోడవార వేలెడు సందు నాలుగు వైపులా ఉంది. పట్టీ కొట్టే ముందు పదిరోజులాయన బావమరిదిని పిలిచి, "వేలు పెట్టి చూసుకో" అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ఇంటివాళ్లెవరికైనా ఆయన అలాగే చూపిస్తాడు. బావమరిది వంగి నాలుగు గోడల దగ్గరా వేలు పెట్టి చూశాడు.

నూనె పూయడం ఆఖరి పని. లోపలి మూలనుంచి మొదలుపెట్టి, మోకాళ్ల మీద వెనక్కి వెనక్కి జరుగుతూ గుమ్మం దగ్గర తేలాలి. ఆరేదాకా ఇంట్లో ఉండొద్దని బావమరిది భార్యని పుట్టింటికి పంపించేశారు. మధ్యాహ్నం మూడింటికి పదిరోజులాయన గుమ్మానికి మూడు పలకల దూరంలో ఉన్నాడు. బావమరిది గడప అవతల నిలబడ్డాడు. వాళ్లిద్దరూ ఎదురుపడింది ఇప్పటికి అదే ఆఖరు. నాలుగు నెలలైంది. అక్క ఇంటికి పోయే బస్సు ఆ వీధి చివరే ఆగుతుంది, ఇప్పటికీ ఆగుతోంది. బావమరిది ఇంకా ఎక్కలేదు.

"బావా," అన్నాడు బావమరిది. "ఆ పళ్ల డాక్టరమ్మ ఇంట్లో... సందు నువ్వు వదిలావు. పదిరోజులు ఆగుదామన్నావు. పరిచెయ్యమన్నది నేను."

పదిరోజులాయన నూనె గుడ్డ ఆపలేదు. ఆ మూడు పలకలూ పూర్తిచేశాడు. గుడ్డ పిండి డబ్బాలో వేశాడు. గడప దాటి, తొడుగులు విప్పి, మోకాళ్లు రుద్దుకున్నాడు.

"నాకెందుకు చెబుతున్నావు?" అన్నాడు. "ఆ సందు వదిలింది నేనేగా, నాకు తెలియదా? మీ అక్కకి చెప్పు. సాయంత్రం దాకా ఇంట్లోనే ఉంటుంది."